వాగును తోలుకొచ్చిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు మే నెలలో, మిట్టమధ్యాహ్నం వచ్చింది. తాండూరులో నాకొక మ్యాచింగ్ సెంటర్ ఉంది. ఒకామె తన చీరకు లైనింగ్ రంగు కుదరడం లేదని అరలన్నీ దింపించి చూస్తోంది. ఫోను మోగింది. పెద్దమ్మ కొడుకు, మా అన్న. "చెల్లె, అమ్మ పోయింది," అన్నాడు. ముక్కు చీది, "వాగుల నీళ్లున్నయి. పోయి సూసొచ్చిన," అన్నాడు.

తల్లి పోయిన వెంటనే వాగు దగ్గరికి పోయి నీళ్లు చూసి వచ్చాడేమిటి ఈ కొడుకు అని మీకు అనిపించవచ్చు. మా ఊళ్లో ఎవరికీ అనిపించదు. ఆ రోజు అన్నకు ఎదురైన ప్రతివాళ్లూ ముందు అడిగింది నీళ్ల గురించేనట. నిజం చెప్తున్నాను, నాకూ ఏడుపు కంటే ముందు ఒళ్లు ఝల్లుమంది. మే నెలలో మా వాగులో నీళ్లున్నాయి. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా సంబరం ఆగడం లేదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఉండాల్సినంత గాంభీర్యం ఇందులో లేకపోతే నన్నేమీ అనకండి. ఆమె గురించి గాంభీర్యంగా రాయడం ఎవరి వల్లా కాదు.

పెద్దమ్మ అంటే మా నాన్నకు అన్న అయిన పెద్దనాయన భార్య. కన్నడ దేశం నుంచి మా ఇంటికి కోడలిగా వచ్చింది. మా ఊరు తాండూరు దాటాక బషీరాబాద్ పోయే దారికి పక్కన ఉంటుంది. ఊరి పైన రాతిగట్టు, ఆ గట్టు మీద పుట్టి ఊరిని చుట్టి పోయి కాగ్నా నదిలో కలిసే వాగు. నా చిన్నప్పుడు ఆ వాగు వానాకాలమంతా పారేది. నేను పెళ్లీడుకొచ్చేసరికి వాన పడ్డ పూట పారి, తెల్లారేసరికి ఇసుక మిగిల్చేది. ఆ ఇసుకను కూడా ట్రాక్టర్లు ఎత్తుకుపోయేవి.

పెద్దనాయన పోయింది కూడా ఎండాకాలంలోనే, చాలా ఏళ్ల కిందట. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. దహనం అయ్యాక వెంట వచ్చినవాళ్లంతా, ఆడా మగా, వాగులో మునిగి తడిబట్టలతో ఇంటికి పోవాలి. తలకొరివి పెట్టినవాడు ముందు ఒడ్డెక్కాలి, ఆ తర్వాతే మిగిలినవాళ్లు ఎక్కాలి. ఆ ఏడు వాగులో మునగడానికి ఏముంది? ట్యాంకర్ పిలిపించారు. పైపు కింద ఒకరి తర్వాత ఒకరు తల పెట్టి, భుజాలు తడవగానే పక్కకు తప్పుకున్నారు. డ్రైవర్ పాపం, "జర జల్ది కానియ్యిండ్రి, ఇంకో ఊరికి పోవాలె," అంటూనే ఉన్నాడు. పెద్దమ్మ వంతు వచ్చేసరికి పైపులోంచి గాలి బుస్సుమంది.

ఆమె ఆ పైపును చూసింది, ఎండిన వాగును చూసింది. అప్పుడే భర్తను సాగనంపిన మనిషి, అందరికీ వినిపించేలా అంది: "నేను పోయిన్నాడు నా ఎంట వచ్చినోళ్లు గీ వాగుల మునిగి ఇంటికి పోవాలె. గప్పటిదాంక నేను పోను."

మా చిన్నాయన, అంటే ఆమె చిన్న మరిది, ఓదార్పుగా, "వానకాలంల పోతె మునుగుతరు తియ్యి, వదినా," అన్నాడు.

"వానకాలంల పోతె ఏం గొప్ప? ఎండకాలంలనే పోత, సూడు."

దుఃఖంలో అన్న మాటలు దినాలు అయ్యేసరికి అందరూ మరిచిపోతారు. ఈవిడ మరవలేదు, మమ్మల్ని మరవనివ్వలేదు.

పెద్దమ్మ మెల్లగా మాట్లాడగా నేను వినలేదు. మెల్లగా నడవగా చూడలేదు. వారానికోసారి తాండూరు వచ్చినప్పుడు నా దుకాణంలోకి దూరి, గిరాకీలు ఉన్నారని కూడా చూడకుండా బట్ట తానులు లాగి పరిచేది. ఒకసారి పాలు తక్కువైన టీ రంగు బట్ట పట్టుకుని, "బిడ్డా, ఆషాఢంల మన వాగు అచ్చం గీ రంగే ఉండె," అంది. అక్కడున్న ఒకామెకు ఏమనిపించిందో, అదే రంగు బట్ట కోయించుకుని పోయింది. పెద్దమ్మకు ఎంత సంబరమంటే, ఊళ్లో కనిపించిన ప్రతివాళ్లకూ తాండూరులో మన వాగుకు గిరాకీ వచ్చిందని చెప్పుకుంది.

వాగును బాగు చేసుకుందామని ఊళ్లో మాట మొదలైనప్పుడు అందరి చూపూ ఊరి ముందరి ముక్క మీదే ఉంది. జేసీబీ పెట్టి పూడిక తీయిస్తే చాలన్నారు యువజన సంఘం వాళ్లు. ఆ పనులు చూసే ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చి, అలా లాభం లేదని, పరీవాహక ప్రాంతం నుంచి మొదలుపెట్టాలని చెప్పింది. అందరూ తలలూపారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదని ఆ ఊపులోనే తెలిసిపోతోంది. వెనక కూర్చున్న పెద్దమ్మ లేచింది.

"అంటే వాగు తల్లిగారిల్లా, మేడమ్?"

ఇంజనీరమ్మ కాస్త ఆలోచించి, నవ్వి, "అవునమ్మా, తల్లిగారిల్లే," అంది.

పెద్దమ్మ మా వైపు తిరిగింది. "ఇంకేంది మల్ల? అలిగి తల్లిగారింటికి పోయింది మన పిల్ల. మనం వాకిట్ల గుంత తవ్వుకోని కూసుంటె వస్తదా? మనమే పోవాలె, బతిమాలుకోవాలె, తోల్కరావాలె."

ఆ రోజు నుంచి మా ఊళ్లో పరీవాహక ప్రాంతం అన్న మాట మళ్లీ పుట్టలేదు. గట్టు పేరు తల్లిగారిల్లు అయింది. ఇంజనీరమ్మ కూడా వేరే ఊళ్ల మీటింగుల్లో ముందు తల్లిగారింటి గురించే చెప్పేదాన్నని తర్వాత నాతో అంది.

పేరైతే పెట్టారు కానీ గట్టెక్కేదెవరు? పెద్దమ్మ ఎళ్ల అమావాస్య దాకా ఆగింది. మా సరిహద్దు ఊళ్లలో ఆ రోజు అందరూ చేలకు పోయి, నిలబడ్డ జొన్నపైరుకు పూజ చేసి, సజ్జ రొట్టెలూ, గింజలూ ఆకుకూరలూ కలిపి వండిన భజ్జీ చేలోనే తింటారు. "చేన్ల తినుడు ఎట్లైనా ఉన్నది. ఈసారి జర మీదికి పోయి తిందాం," అని ఇంటింటికీ తిరిగింది. పూజ చేలలోనే అయింది, తినడానికి మాత్రం గంపలు నెత్తికెత్తుకుని అందరం గట్టెక్కాం. చిన్నాయన దారంతా మోకాళ్లను, వదినను కలిపి తిట్టాడు. తిన్నాక పెద్దమ్మ అక్కడే చెయ్యి కడుక్కుంది. చెంబులో నీళ్లు నేల మీద పడి, ఎక్కడా ఇంకకుండా, గరుకు నేల మీద జారుకుంటూ కిందికి పోయాయి.

"సూసిన్రా, చెయ్యి గడిగిన నీళ్లు గూడ ఆగుతలేవు," అంది.

అందరం ఆ తడి గీతనే చూస్తూ ఉండిపోయాం. గట్టంతా బోడి. పక్కనే వదిలేసిన నాపరాళ్ల గనులు, వాటి ముందు పనికిరాని బండముక్కల కుప్పలు. ఆ ముక్కలతోనే నీళ్లకు అడ్డంగా చిన్న చిన్న కట్టలు వేద్దామన్నాడు మా అన్న. ఆ చలికాలం పని మొదలైంది.

ఇక్కడ మా వాళ్లు చేసిన ఘనకార్యం చెప్పాలి. మా ఊరి మగవాళ్లలో సగం మంది బండల పనివాళ్లే. వాళ్ల చేతికి రాయి దొరికితే ఊరుకుంటారా? దారం పట్టి, అంచులు కలిపి, సందుల్లో చిన్న ముక్కలు దూర్చి, కాంపౌండు గోడల్లాంటి కట్టలు లేపారు. చూడముచ్చటగా ఉన్నాయి. వాటి ముందు నిలబడి ఫోటోలు దిగాం. ఎండాకాలం చివర పడ్డ మొదటి వానకు నీళ్లు వెనక చేరి, పోవడానికి సందు లేక, గోడలకు గోడలే బోర్లా పడేశాయి. పడ్డవాటిని చూసి పెద్దమ్మ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "మంచిగ ఇల్లు గట్టిన్రు. వాగుకు దర్వాజ పెట్టుడే మరిచిన్రు," అంది. మళ్లీ కట్టారు, ఈసారి సందులు వదిలి, ఏటవాలుగా, వికారంగా. ఆ వికారం కట్టలే ఇప్పటికీ ఉన్నాయి.

పనికి రమ్మని ఆమె ఒక్కరినీ పిలవలేదు. "రొట్టె తిందాం రాండ్రి," అని మాత్రం పిలిచేది. రొట్టెలూ పల్లికారం గట్టు మీదే ఉండేవి. తినడానికి పోయినవాడు పార పట్టకుండా ఎలా వస్తాడు? నేను ఆదివారాలు దుకాణం మూసి పోయేదాన్ని. బట్ట కొలిచే చేతులు బొబ్బలెక్కితే పెద్దమ్మ ఊది, "మెహందీ కంటె మంచిగున్నది," అని వెక్కిరించేది.

ఊరి దగ్గర పాత చెక్‌డ్యామ్ ఒకటి పక్క తెగి పడి ఉంటే దానికి మట్టికట్ట వేసి అతికాం. ఇసుక ఎత్తనివ్వకూడదని కూడా తీర్మానించుకున్నాం. ఇక్కడే గొడవ వచ్చింది. ఆ జూన్‌లో మా పిల్లలు ట్రాక్టర్లను ఆపారు. మాటా మాటా పెరిగింది. పోతూ పోతూ ట్రాక్టర్ల వాళ్లు, "మనుషులను తోల్కోని వస్తం, సూస్కోండ్రి," అని పోయారు. ఊరంతా చెవులు రిక్కించుకుని ఉంది.

ఆ వారంలోనే ఒక ఆదివారం సాయంత్రం గట్టు మీద మబ్బు దిగింది. ఊళ్లో చుక్క పడలేదు. పెద్దమ్మ రోజూలాగే వాగొడ్డుకు పోయింది. కాసేపటికి చేతులూపుకుంటూ, కొంగు జారిపోతున్నా చూసుకోకుండా ఊరి వైపు పరుగెత్తుకొస్తూ అరిచింది: "హళ్ళ బంతు, హళ్ళ బంతు!"

కన్నడంలో హళ్ళ అంటే వాగు. వాగొచ్చింది అని ఆమె అరుపు. ఇన్నేళ్లుగా మమ్మల్ని తెలుగులో తిట్టి, తెలుగులో ముద్దు చేసిన మనిషికి ఆ సంబరంలో పుట్టింటి మాటే నోటికొచ్చింది. మా వాళ్లకు వినపడింది మాత్రం హల్లా, అంటే దాడి. దాడి జరిగింది, ట్రాక్టర్ల వాళ్లు వచ్చారు, పెద్దమ్మను ఏదో చేశారు. అంతే, ఎవరి చేతికి ఏది అందితే దానితో పరుగు. కర్రలు, పారలు, గడ్డపారలు. కిరాణా సేట్ షట్టర్ లాగే కొక్కెం పట్టుకుని వచ్చాడు. చిన్నమ్మ కారప్పొడి డబ్బా తెచ్చింది. నేను చీపురుతో పరుగెత్తాను, దానితో ఎవరిని ఏం చేద్దామనుకున్నానో నాకు ఇప్పటికీ తెలియదు.

వాగొడ్డుకు చేరి చూస్తే ట్రాక్టరూ లేదు, మనుషులూ లేరు. చిన్నాయన కర్ర పైకెత్తి, ఆయాసపడుతూ, "ఎవడు కొట్టిండు, వదినా?" అని అడిగాడు.

"నన్నెవడు కొడ్తడు? హళ్ళ బంతు అంటున్న గద, సూడు."

చూశాం. ఎండుటాకులను, నురుగును ముందుకు తోసుకుంటూ, పొడి ఇసుకను తడుపుకుంటూ మా వాగు వస్తోంది. ఎన్నో ఏళ్లుగా బురదను మోసుకుని ఒక్కసారిగా వచ్చి పోయిన వాగు, ఆ రోజు నడిచి వచ్చింది. చేతుల్లో ఆయుధాలు పట్టుకుని అందరం పిచ్చివాళ్లలా నవ్వాం. ఆ నవ్వులోనే ఎవరో అరిచారు, "అగొ, కట్ట కోస్తున్నది." నిండుతున్న చెక్‌డ్యామ్ పక్కన కొత్త మట్టికట్టలోంచి సన్నగా నీళ్లు దూరుతున్నాయి. ఆ క్షణాన ఊరంతా అక్కడే ఉంది, పారలతో, గడ్డపారలతో. సేట్ కొక్కెం పారేసి గోనె సంచులకు పరుగెత్తాడు. కొట్టడానికి తెచ్చిన కర్రలు సంచులకు ఆనుగా దిగ్గొట్టాం. చీకటి పడకముందే గండి పూడింది.

ఆమె తెలుగులోనే వాగొచ్చిందని అరిచి ఉంటే మేం టీ తాగి, తీరిగ్గా, ఉత్త చేతులతో పోయి ఉండేవాళ్లం. కట్ట కొట్టుకుపోయేది. ఇప్పుడు మా ఊళ్లో తొలి వరద పేరే హల్లా. జూన్ వస్తే చాలు, ఈసారి హల్లా ఎప్పుడో అని మాట్లాడుకుంటారు. ట్రాక్టర్ల వాళ్లు ఆ తర్వాత ఒకరోజు వచ్చారు, ముగ్గురో నలుగురో. పెద్దమ్మ వాళ్లకూ రొట్టెలు పెట్టి, వాళ్లలో ఒకడు తన ఆడబిడ్డ తరఫు చుట్టమని తేల్చింది. చుట్టరికం తేలాక పాపం వాడేం చేస్తాడు?

అయితే ఆమె పంతం వానాకాలం వాగు గురించి కాదు కదా. తొలి ఏడు నీళ్లు దీపావళికే ఇంకిపోయాయి. తర్వాత శివరాత్రి దాకా నిలిచాయి. మధ్యలో ఒక ఏడు వానలే లేక అంతా మొదటికొచ్చింది. ఆ ఏడు కూడా రొట్టెల గంప గట్టెక్కింది. ఇన్నేళ్లలో పెద్దమ్మ నాకు పొద్దున్నే ఫోన్ చేయని రోజు లేదు. "ఉన్నది," అనేది, పెట్టేసేది. వాగు ఎండితే, "పోయింది, వస్తది," అనేది, పెట్టేసేది. నా సంగతి గానీ తన సంగతి గానీ అడిగేది చెప్పేది ఏమీ ఉండేది కాదు. దుకాణం తాళం తీసేటప్పుడు ఆ ఒక్క మాట వినకపోతే నాకు బోణీ అయినట్టే ఉండేది కాదు.

ఈ ఉగాది దాటాక ఆమె ఊపిరికి ఇబ్బంది పడింది. వికారాబాద్‌లో పెద్దాసుపత్రికి తీసుకుపోయి చూపించారు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. నేను పోయేసరికి మంచం మీద ఉంది, గొంతు మాత్రం మంచం పట్టలేదు. అన్న ఫోనులో వాగు ఫోటో చూపిస్తున్నాడు.

"ఫోటోల నీళ్లను నమ్మొద్దు. కాలు పెట్టినవా? ఏడిదాంక ఉన్నయి?"

అన్న అబద్ధం ఆడలేకపోయాడు. "పిక్కల దాంక."

"మునగనీకి సాలవు," అంది పెద్దమ్మ. తర్వాత నన్ను చూసి కన్ను గీటింది. "అవి గూడ పోకముందే నేను పోవాల్నా ఏంది, బిడ్డా?"

నేను కోపంగా నోరు మూయించాను. బయటికొచ్చి గోడకానుకుని ఏడ్చాను. ఎండలు ముదరక ముందే పిక్కల దాకా ఉంటే మే నెలకు ఏం మిగులుతుంది? ఆమె ఇంతకాలం పట్టిన పంతం ట్యాంకర్ పైపు కింద ముగుస్తుందా? నా ఏడుపు చిన్నాయన చూశాడు. ఆ సాయంత్రం వాగు పొడుగునా నడిచి, నీళ్లు తోడుకునే రైతులందరితో మాట్లాడి వచ్చాడు. మర్నాటి నుంచి ఒక్క మోటరు కూడా నడవలేదు. టమాట వేసినవాళ్లున్నారు, గడ్డి వేసినవాళ్లున్నారు. ట్రాక్టరు చుట్టానికి కూడా వాగొడ్డున వంకాయ తోట ఉంది. ఎవరూ కిమ్మనలేదు. గట్టు మీద ఇన్నేళ్లుగా ఇంకిన నీళ్లు ఊటలుగా దిగుతూనే ఉన్నాయి. తోడేవాళ్లు లేకపోయేసరికి చెక్‌డ్యామ్ వెనక మడుగు మెల్లగా పైకి లేచింది.

ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ ఊరంత పెద్ద చెవి కదా ఆమెది. "మోటర్ల సప్పుడేదిరా?" అని అన్నను అడిగింది. కరెంటు లేదన్నాడు. తల మీద ఫ్యాన్ తిరుగుతోంది. పెద్దమ్మ ఫ్యాన్‌ను చూసింది, కొడుకును చూసింది. "తోటలు ఎండుతయిరా. పెట్టుకోమను," అంది. ఆమె మాట మా ఊరు వినకపోవడం అదే మొదటిసారి.

కబురు తెలిశాక షేర్ ఆటోలో ఊరు చేరాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. దారిలో అన్ని వాగులూ ఎండి తెల్లగా ఉన్నాయి. మా వాగు మలుపు తిరగ్గానే ఆటోలోంచి సగం బయటికి వంగి చూశాను. మడుగు మెరుస్తోంది. ఆటోలో ఉన్న అపరిచితురాలి చెయ్యి పట్టుకుని, "నీళ్లున్నయి," అన్నాను. ఆమె నన్ను భయంగా చూసింది.

దహనం అయ్యేసరికి ఎండ వాలింది. ముందు అన్న దిగాడు. నీళ్లు నడుము దాకా వచ్చాయి. మునిగాడు. ఆయన వెనక చిన్నాయన, నేను, చిన్నమ్మ, సేట్, బండల పనివాళ్లు, టమాట రైతు, ట్రాక్టరు చుట్టం, ఊరికి ఊరే దిగింది. మునిగి లేచినవాళ్ల ముఖాలు చూడాలి. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో వాళ్లకే తెలియదు, నీళ్లు మాత్రం కారుతున్నాయి. నేను కావాలనే రెండోసారి మునిగాను. నన్ను చూసి పక్కన చిన్నమ్మ కూడా మునిగింది.

"సావుకొచ్చిన్రా, జాతరకొచ్చిన్రా? మునిగినోళ్లు ఎల్లుండ్రి," అని చిన్నాయన గద్దించాడు. కానీ అన్న ఒడ్డెక్కితే గానీ ఎవరూ ఎక్కకూడదు. అన్న మోకాలి లోతు దాకా పోయి అక్కడే ఆగిపోయాడు. తల వంచి కిందికి చూస్తున్నాడు.

"ఏందిరా, కాలుకు ఏమన్న గుచ్చుకున్నదా?"

"లేదు చిన్నాయనా," అన్నాడు అన్న, కదలకుండా. "చేపపిల్లలు. కాళ్లు కొరుకుతున్నయి."

ఎండిన మడుగులో చేపలు ఉండవు. పోయిన వానాకాలం నుంచి ఈ నీళ్లు ఒక్క రోజు కూడా పోలేదన్నమాట. తేటనీళ్లలో అన్న పాదాల చుట్టూ వేలెడంత లేని చేపపిల్లలు మూగి ఉన్నాయి. ఆయన పెదవులు వణుకుతున్నాయి, చక్కిలిగిలికి నవ్వు కూడా వస్తోంది. చిన్నాయన గొంతు దాకా నీళ్లలో కూర్చున్నాడు. అవి అన్న కాళ్లు వదిలిపెట్టేదాకా ఊరంతా వాగులోనే నిలబడింది.